నూనె మిల్లులో పెద్దమ్మ గది

హాలియా

నాకు భయం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్లకూ నాకూ సుఖం. బస్సు వేగంగా మలుపు తిరిగితే భయం, మబ్బు పడితే భయం, కొత్త ఊళ్లో కుక్క మొరిగితే మరీ భయం. బెత్తం పట్టుకొని పిల్లల ముందు నిలబడే పంతులు ఉద్యోగంలో ఇన్నేళ్లు ఎట్లా నెట్టుకొచ్చానో నాకే అంతు చిక్కదు. అందుకే కాలువ గట్టూ, వరి చేలూ, మా బడీ తప్ప వేరే లోకం చూడాలని నేనెప్పుడూ ఉబలాటపడలేదు. తొంభైల మొదట్లో, దసరా సెలవుల్లో, పాలమూరు జిల్లాకు ప్రయాణం కట్టానంటే అది పూర్తిగా మా పెద్దమ్మ పుణ్యం.

పెద్దమ్మ పేరు అంజమ్మ. మా అమ్మకు అక్క. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంట్లోనే ఉన్నది. ఆమె భర్త కొత్తకోట అవతల ఒక పల్లికాయ నూనె మిల్లులో పనిచేసేవాడట. పెళ్లయిన కొద్దికాలానికే మిషన్లో పడి పోయాడట. మాకు తెలిసింది అంతవరకే. ఆ మాట ఎత్తితే అమ్మ కళ్లతోనే నోరు మూయించేది. పెద్దమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

ఆమెకు ఒక అలవాటు. ఎవరినీ వెనక నుంచి పిలవదు. బయటికి పోయేవాణ్ణి వెనక పిలవకూడదని మనలో చాలామంది అనుకునేదే కానీ, పెద్దమ్మది మరీ విడ్డూరం. నేను బడికి పోతూ గొడుగు మర్చిపోతే, దాన్ని పట్టుకొని దొడ్డిదారిన పరుగెత్తి, మసీదు సందు చుట్టి, ఆయాసపడుతూ నా ముందర ప్రత్యక్షమయ్యేది. "ఒక్క కేక పెడితే అయిపోయేది కదా పెద్దమ్మా!" అంటే గొడుగు నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగేది. నేను గొడుగు మర్చిపోవడం మానలేదు, ఆమె సందు చుట్టడం మానలేదు.

మా అంగడికి పల్లికాయ అమ్మవచ్చిన వ్యాపారి ఒకడు ఆ వార్త మోసుకొచ్చాడు. చాలా ఏళ్లుగా మూతపడి ఉన్న ఆ నూనె మిల్లును యజమాని సేటు మనుమడు ఒక కమిటీకి అప్పగించాడట. వాళ్లు దాన్ని గదులు గదులుగా కట్టించి, దిక్కులేని ముసలివాళ్లకు కొద్దిపాటి కిరాయికి ఇస్తున్నారట. మిల్లులో పనిచేసినవాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ ముందు ఇస్తారట. ఆ రాత్రి అన్నం తింటూ పెద్దమ్మ, "పోదాం పా నర్సిమ్మా" అన్నది.

"నీకు ఇక్కడ ఏం తక్కువైంది పెద్దమ్మా?" అన్నాను. నిజంగానే బాధేసింది.

"ఏం తక్కువ గాలే బిడ్డా. నన్ను కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నరు. గని గీ ఇంటి తాళంచెవి ముందుగాల మీ అమ్మ కొంగుకుండె. ఇప్పుడు నీ పెండ్లాం కొంగుకున్నది. సచ్చేలోపల నా కొంగుకు గూడ ఒకటి కట్టుకోవాలె గదరా."

భర్తను మింగిన చోటికే పోయి ఉంటానంటున్నదే, మనసులో ఏం పెట్టుకున్నదో అని నాకు భయం పట్టుకున్నది.

దేవరకొండ

మల్లేపల్లి దాటేదాకా అంతా మా పచ్చదనమే. ఆ తర్వాత ఎవరో గీత గీసినట్టు నీళ్లు ఆగిపోయి, ఎర్రమట్టి, గుట్టలు, వాటి మధ్య తంగేడు పూలు. బతుకమ్మ రోజులు కావడంతో ఆడపిల్లలు గంపలు పట్టుకొని ఆ పూలే కోస్తున్నారు. పెద్దమ్మ బస్సంతా వినబడేట్టు మాట్లాడుతూనే ఉన్నది. పక్క సీటామె కోడలి కాన్పు, ముందు సీటాయన మోకాలి నొప్పి, కండక్టర్ పెండ్లి సంబంధం, అన్నీ ఆమే చూసుకున్నది.

దేవరకొండ దాటాక పోలీసులు బస్సు ఆపారు. అడవి దగ్గరపడేకొద్దీ ఆ రోజుల్లో అది మామూలే. ఆకుపచ్చ బట్టల్లో తుపాకులతో ఇద్దరు ఎక్కారు. మగవాళ్లను కిందికి దిగమన్నారు. ఎవరు అడిగినా నా పేరు నాకు గుర్తుంటుందా అని నా భయం. దిగి వరుసలో నిలబడ్డాను. పేరు అడిగితే ఊరు చెప్పాను, ఊరు అడిగితే బడి చెప్పాను. ఆ కానిస్టేబుల్ నన్ను కిందినుంచి మీదికి చూసి, "సామాన్లు ఏవి?" అన్నాడు.

పెద్దమ్మ రేకుపెట్టె దించారు. రెండు చీరలు, పసుపు డబ్బీ, దుప్పటి. అడుగున గుడ్డలో చుట్టి, బరువుగా, ఇనుపది ఏదో. కానిస్టేబుల్ ముఖం మారింది. మూట విప్పితే, కొత్త తాళంకప్ప.

"ఏ ఇంటికి అవ్వా, గీ తాళం?"

"ఇల్లు ఇంక దొరకలే బిడ్డా. తాళం ముందుగాల కొన్న" అన్నది పెద్దమ్మ.

అతనికి నవ్వొచ్చింది. పెట్టె తనే మూసి పైకి ఎక్కించాడు. బస్సు కదిలాక పెద్దమ్మ నా వైపు చూసి, "గజ్జున వణికితివి గదరా పంతులూ" అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నా చెమట ఆరేసరికి డిండి దాటాం.

జడ్చర్ల

జడ్చర్లలో మధ్యాహ్నం ఆకలి. మా దిక్కు మూడు పూటలా వరి అన్నమే. ఇక్కడ అన్నం చుట్టాలొస్తేనో పండగైతేనో. బస్టాండు బయట ఒకామె పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు చేస్తున్నది. రొట్టె అర్ధ రూపాయి. పల్లీల తొక్కూ, పుంటికూరా ఎంత అడిగితే అంత. పిండిముద్దను చెక్కపీట మీద అరచేత్తో కొడుతూ కొడుతూ చంద్రుడంత చేస్తున్నది. మా ఇంట్లో రొట్టె చేస్తే అంచులు పగిలి దేశపటం అవుతుంది. నేను మూడు తిన్నాను. సీతాఫలాలు గంప లెక్కన అమ్ముతుంటే బుద్ధి తక్కువై, మెత్తటివి కొని సంచిలో వేసుకున్నాను. సాయంత్రానికి నా తెల్లచొక్కా సంగతి చెప్పనక్కర్లేదు.

"ఏడికి పోతున్నరు?" అని అడిగింది రొట్టెలామె.

మిల్లు పేరు చెప్పాను. ఆమె చెయ్యి పిండి మీదే ఆగింది.

"గా ముసలోళ్ల మిల్లుకా? మా మేనమామ పెండ్లాం గండ్లనే ఉంటది. పోయి ఒక్కపూట ఉండొచ్చిన. నాకైతే గుండె జల్లుమన్నది. ఎనక నుంచి పిలిస్తే ఎవ్వరు పలుకరు. వట్టిగ పలుకకుండుడు గాదు, గజగజ వణుకుతరు. అండ్ల ఏదో ఉన్నది సారూ."

నేను నవ్వబోయి పెద్దమ్మ వైపు చూశాను. రొట్టె ముక్క నోటి దగ్గరికి పోయి అక్కడే ఉన్నది. కాసేపటికి దాన్ని మళ్లీ ఆకులో పెట్టేసింది. అప్పటినుంచీ పెద్దమ్మ మాట్లాడలేదు. పొద్దుటినుంచీ బస్సును నడిపించిన ఆ నోరు మూతపడేసరికి, రొట్టెలామె మాటకన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఇంటికి పోదామా పెద్దమ్మా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

కొత్తకోట దాటినాక

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు మీద లారీలు ఇంటి గోడల్ని అదరగొడుతూ పోతుంటాయి. అక్కడ రోడ్డు విడిచి, జీపులో మేకలతో పాటు కూర్చొని లోపలికి పోయాం. ఒక మేక నా ఒళ్లో తల పెట్టుకొని నిద్రపోయింది. ఆ ప్రయాణంలో నా మీద నమ్మకం పెట్టుకున్నది అదొక్కటే.

ముందు పొగగొట్టం కనబడింది. చుట్టూ ఏ ఎత్తూ లేని మెట్ట చెలకల మధ్య అది ఒక్కటే నిలబడి ఉన్నది, కొంచెం పక్కకు ఒరిగి. నా కళ్లకే ఒరిగిందో, నిజంగా ఒరిగిందో చెప్పలేను. తర్వాత రాతిగోడలు, వాటి మీద రేకుల కప్పు. గోడలో ఒక చీలిక పైనుంచి కిందిదాకా దిగి ఉంటే దానికి సిమెంటు పూసి సున్నం వేశారు. సున్నం వేసినా చీలిక చీలికే. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఒక పెద్దవాన పడితే ఈ గోడ ఉంటుందా, కింద పడుకున్నవాళ్లు ఉంటారా అని లెక్కలు వేసుకుంటూ లోపలికి అడుగుపెట్టాను. వాకిట్లో నూనె తాగిన బండల మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను; మేకలూ లారీలూ చేయలేని పని ఆ బండ చేసింది. పెద్దమ్మ నవ్వలేదు.

షాఫ్టు కింద మంచాలు

ఆ ఇంటి బాగోగులు చూసే ఆమె సుగుణమ్మ. జిల్లా దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది. మెడలో సిలువ, చేతిలో తాళాల గుత్తి, మాట కొట్టినట్టు ఉంటుంది. మాకు చాయ్ పోసి, మిల్లంతా తిప్పి చూపించింది.

గింజలు పోసే పొడుగాటి గోదాము ఇప్పుడు రెండు వరుసల గదులు. మధ్యలో ఎద్దుబండి పోయేంత దారి. గదికీ గదికీ నడుమ ఇటుక గోడ తలెత్తు వరకే కట్టారు, పైన గాలి ఆడాలని వదిలేశారు. అందుకని ఒకరు దగ్గితే వరుసంతా వినబడుతుంది. "గదే మంచిది. ఎవలన్న దగ్గుడు ఆపితే తెలుస్తది" అన్నది సుగుణమ్మ. బస్తాలు తూచే పెద్ద కాంటా వాకిట్లో అట్లాగే ఉన్నది. దాని పళ్లెం మీద పొద్దున పూట ముసలివాళ్లు ఎండకు కూర్చుంటారు. ఎండ తగిలేకొద్దీ గోడలు పల్లినూనె వాసన కక్కుతాయి. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ వాసన పోదట, చీమలూ పోవట.

"కిరాయి ఎందుకమ్మా, ముసలివాళ్ల దగ్గర?" అని అడిగాను.

"ఊరికే ఇస్తే ధర్మసత్రం అంటరు సారూ. కిరాయి కట్టినోళ్లకు ఇల్లు అంటరు. నా గదిల నువ్వు ఎందుకొచ్చినవని నన్నే నిలదీస్తరు. గట్ల నిలదీయాలనే నేను గుడ కోరుకుంట."

ఖాళీగా ఉన్న గది ఒక్కటే. అది ఇంజన్ షెడ్డు పక్కన, కొసన. లోపలికి పోయి తలెత్తి చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మిల్లు నడిచినప్పటి ఇనుప షాఫ్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా అన్ని గదుల మీదుగా పోతున్నది. దానికి అక్కడక్కడా బండిచక్రాలంత ఇనుప చక్రాలు, ఒకప్పుడు తోలు పట్టాలు తిరిగినవి. తీసేస్తే గోడలు కదులుతాయని ఇంజనీరు వద్దన్నాడట. కాబట్టి ప్రతి మంచం మీదా ఆ కడ్డీ ఉన్నది. అది తిరగదని నాకు తెలుసు. ఇంజన్ను ఎప్పుడో పాత ఇనుము కింద అమ్మేశారనీ తెలుసు. అయినా ఒక చక్రం కొద్దిగా కదిలిందని నేను ఒట్టేసి చెప్పగలను. చేతిలో గొడుగును తలుపు వెనక కొక్కేనికి తగిలించి, ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేశాను.

పెద్దమ్మ రాలేదు. షాఫ్టు కిందే నిలబడి, ఇంజన్ షెడ్డు తలుపు వైపు చూస్తున్నది.

రొట్టెలామె చెప్పింది కూడా కళ్లతో చూశాను. అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి వెనక నుంచి పిలవడం లేదు. ఒకావిడకు ముందు పోతున్న మనిషితో మాట కావాలంటే, కర్ర పొడుచుకుంటూ వాకిలంతా చుట్టి, ఎదురుగా పోయి కొంగు ఊపుతుంది. మగవాళ్లు రుమాలు ఊపుతారు. నడవలేని ముసలివాళ్లు అంత దూరం చుట్టడం చూస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత మా మసీదు సందు గుర్తొచ్చింది. ఇక నవ్వు రాలేదు.

ఈరమ్మ చెప్పిన సంగతి

సాయంత్రం వాకిట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. పెద్దమ్మ కూడా చాట పట్టుకొని కూర్చున్నది. పక్కన ఈరమ్మ. మిల్లు నడిచిన రోజుల్లో వాకిట్లో కాయలు చెరిగే కూలికి వచ్చేదట, ఇప్పుడు మేము చూసిన గదికి పక్క గదిలో ఉంటున్నది. ఉండబట్టలేక అడిగాను, ఈ రుమాలు ఊపడం ఏమిటని.

"మీకు ఎవ్వరు చెప్పలేదా సారూ?" అని ఈరమ్మ గొంతు తగ్గించింది. "మేం పనికొచ్చినప్పుడు ఇంక తెలివి తెల్వని పిల్లలం. షాఫ్టుకు నూనె పోసే పిలగాడు ఒకడుండె. కొత్తగ పెండ్లయింది. పెండ్లాం దినం సద్ది తెస్తుండె. ఒకనాడు వాడు బయటికొచ్చుడు జర ఆల్శం అయింది. గామె గా ఇంజన్ షెడ్డు తలుపుకాడ నిలవడి ఎనక నుంచి పిలిచింది. వాడు తిరిగి చూసిండు. తువ్వాల పట్టాల పడ్డది. గంతే. గప్పటిసంది గీ జాగల ఎనక నుంచి పిలుసుడు లేదు. పిలిస్తే షాఫ్టు ఇంకొకల్ల అడుగుతదంటరు."

"ఆ తర్వాత ఆమె...?"

"ఏమో సారూ. పుట్టింటోళ్లు కొంచవోయిన్రు. 'నేనే పిలిచిన, నేనే పిలిచిన' అని నెత్తి కొట్టుకుంట పోయింది. ఇంక బతికున్నదో లేదో. గామె నీడ పడకుంటే సాలని మేమైతే దినం దండం పెట్టుకుంటం."

చాటలో పెద్దమ్మ చేతివేళ్లు ఆగిపోయాయి. ఒక రాయిని పట్టుకొని అట్లాగే ఉన్నాయి. ఆమె తల ఎత్తలేదు. ఆ పిల్లగాడు మా పెదనాయిన. పిలిచిన మనిషి ఈరమ్మ పక్కనే కూర్చొని ఆమె బియ్యంలోనే రాళ్లు ఏరుతున్నది.

ఈరమ్మ లేచిపోయాక పెద్దమ్మ దగ్గరికి జరిగాను. ఇక్కడి పద్ధతి సుగుణమ్మ ముందే చెప్పింది. కొత్తగా వచ్చినవాళ్లు మర్నాడు కాంటా దగ్గర అందరి ముందూ నిలబడి పేరూ, ఊరూ, ఎవరి మనిషో చెప్పాలి. ఒక్కరు వద్దన్నా గది ఇవ్వరు.

"పెద్దమ్మా, పొద్దున్నే జీపు ఎక్కుదాం. లేదా వేరే పేరు చెప్పు. నలభై ఏళ్లు దాటింది, ఎవరు గుర్తుపడతారు?"

"అబద్దం చెప్పి తాళం ఏసుకుంటే గది నాదెట్ల అయితది రా?" అన్నది. మధ్యాహ్నం నుంచీ ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"అయితే అసలు ఎందుకొచ్చావు ఇక్కడికి?"

పెద్దమ్మ చేతిలోని రాయిని పారేసింది. "నా జీవితంల నా ఇల్లు అన్నది గీ ఊర్లనే ఉండె. ఒక్క ఏడు గుడ నిండలే. ఇంకేడ అడుగుదు?"

ఆ రాత్రి నేను షాఫ్టు కింద పడుకున్నాను. పడుకున్నాననే అంటాను, నిద్రపోయానని అనను.

కాంటా దగ్గర

తెల్లవారేసరికి సన్నగా జల్లు. ముసలివాళ్లంతా కాంటా చుట్టూ చేరారు. గొంగళ్లు, దుప్పట్లు, కర్రలు. చివరగా చాంద్ సాబ్ వచ్చాడు. మిల్లు మొదలైన రోజునుంచీ మూతపడేదాకా ఇంజన్ డ్రైవరు ఆయనే. తెల్లగడ్డం, మల్లెపువ్వులాంటి లాల్చీ. చెవులు దాదాపు పోయాయి. సుగుణమ్మ ఆయన ఎదుటికి వచ్చి, రుమాలు ఊపి, చెవి దగ్గర అరిస్తే తప్ప ఏదీ తెలియదు. అందుకే ఆయన అందరి మధ్యా ఒంటరిగా ఉంటాడు.

వాళ్లు గది కాదంటే బాగుండునని నాకు ఒక పక్క ఉన్నది. కాదంటే పెద్దమ్మను తీసుకొని మా కాలువ గట్టుకు పోవచ్చు. కానీ ఆమె ముఖం చూస్తే, కాదంటే ఏమైపోతుందో అన్న భయమే పెద్దదైంది.

పెద్దమ్మ లేచి నిలబడ్డది. కొంగు నిండుగా కప్పుకున్నది.

"నా పేరు అంజమ్మ. హాలియా నుంచి వచ్చిన. గీ మిల్లుల షాఫ్టుకు నూనె పోసిన ఎంకటయ్య నా పెనిమిటి. నిన్న ఈరమ్మ చెప్పింది నా ముచ్చటే. పిలిచింది నేనే."

ఒకామె లేచి నాలుగు అడుగులు వెనక్కి వేసింది. ఇంకొకామె మెడలో తాయెత్తు పట్టుకున్నది. ఈరమ్మ రెండు చేతులూ జోడించింది.

"అక్కా, నీ మీద నాకు పగ లేదు. మంచిదానివే. గని నా గది పక్కపొంటి వద్దు. నాకు భయమైతది. నేను ఇంకేడికి పోను? నాకు గుడ గీ గది తప్ప ఏం లేదు."

ఆమె నిజంగానే వణుకుతున్నది. ఆమెను కోప్పడలేకపోయాను. నా పాటి పిరికిమనిషి ఒకామె దొరికిందని తెలిసింది, అంతే.

చాంద్ సాబ్ అందరి ముఖాలూ చూస్తున్నాడు. ఏం జరుగుతున్నదో ఆయనకు అర్థం కాలేదు. సుగుణమ్మ రుమాలు ఊపి, ఆయన చెవిలో ఈ సంగతంతా ముక్క ముక్కగా అరిచింది. పెద్దమ్మ ఎవరో విన్నప్పుడు తల వంచాడు. పిలిచిందట, తిరిగి చూశాడట అన్నప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది? ఏమన్నవ్? మళ్ల చెప్పు."

సుగుణమ్మ మళ్లీ అరిచింది.

"ఎవరన్నరు గా మాట?"

సుగుణమ్మ చుట్టూ చేయి తిప్పి చూపించింది. ఆ ముసలాయన ముఖం ఎర్రబడింది. చెవుడు వల్ల ఎప్పుడూ ఒకే గొంతుతో, గట్టిగా మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం ఆ గొంతు పగిలింది.

"అరే, నా చెవులు ఏడికి పోయినయనుకుంటున్నరు మీరు? గా ఇంజనే తిన్నది. ఇంజన్ నడుస్తుంటే పక్కన నిలవడి తిట్టినా వినపడకపోతుండె. గందుకే రుమాలు ఊపుడు పెట్టినం. ఇంజన్ బిగించిన్నాడే పెట్టినం, నేనే పెట్టిన. గీ అమ్మ అప్పుడు గీ ఊరికే రాలేదు." పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, జర నా దిక్కు చూడు. నువ్వు తలుపుకాడ పిలిచినవేమో. గని నీ పిలుపు వాని చెవిల పడలే. ఎవ్వని చెవిల పడలే. పడేది గాదు."

వాకిట్లో కాయలు చెరిగిన ఆ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంజన్ నడుస్తుంటే వాళ్లలో ఎవరూ షెడ్డు లోపలికి పోయినవాళ్లు కాదు. కథ మొత్తం పెద్దమ్మ ఏడుపులోంచే పుట్టింది. ఆమె నెత్తి కొట్టుకుంటూ చెప్పిన మాటనే వాళ్లు ఇన్నేళ్లు మోశారు. అది ఒక్క చాంద్ సాబ్ చెవికే చేరలేదు.

సుగుణమ్మ పక్కకు తప్పుకుంటే పెద్దమ్మే చాంద్ సాబ్ ఎదుటికి పోయింది. "గట్లయితే ఎందుకు తిరిగి చూసిండన్నా?"

ఆయనకు వినబడలేదు. పెదవులు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు.

"దినం చూసేటోడమ్మా. సద్ది యాళ్లకు తలుపు దిక్కు చూడని దినం లేకుండె. నేను నవ్వుతుంటి. పనిల ధ్యానం పెట్టు రా అని రుమాలు ఊపుతుంటి. గా దినం నేను ఇంజన్ దిక్కు తిరిగి ఉన్న."

పెద్దమ్మ కాంటా పళ్లెం మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ ఏడుపు చూసి ఎవరూ దగ్గరికి రావడానికి జంకుతుంటే, చివరికి ఈరమ్మే కర్ర పొడుచుకుంటూ చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి, ఒకసారి కొంగు ఊపి, పక్కన కూర్చున్నది.

"ఉండు తియ్ అక్కా" అన్నది. కర్రను పక్కన పెట్టుకొని, "గని పొద్దుగూకినంక గా తలుపుకాడ నిలవడకు. నాకు ఇంక భయమే" అన్నది.

తిరుగు దారి

మర్నాడు జీపు వచ్చే వేళకు పెద్దమ్మ తన గది ఊడ్చుకొని, తలుపుకు కొత్త తాళం తగిలించుకొని, చెవిని కొంగున ముడి వేసుకున్నది. ఆ ముడిని రెండుసార్లు తడిమి చూసుకోవడం నేను చూశాను. "గోడ చీలికను కమిటీవాళ్లకు చెప్పి ఇంజనీరుకు మళ్లీ చూపించండి" అని సుగుణమ్మకు చెప్పాను. వారం వారం కబురు పెడతానన్నాను. షాఫ్టు వైపు చూడకుండా దండం పెట్టి బయల్దేరాను.

భయం నాతోనే ఉన్నది. మబ్బు ఉన్నది, ఒరిగిన పొగగొట్టం ఉన్నది, ఆ తలుపు పక్కన ముసలి మనిషిని ఒక్కదాన్ని వదిలి పోతున్నాను. ఆమె గది కంటే ఆమె లేని మా వంటిల్లు ఎట్లా ఉంటుందో తలుచుకుంటే ఇంకా భయమేసింది. బండల మీద జారకుండా చూసుకుంటూ వాకిలి సగం దాటాను.

"ఒరేయ్ నర్సిమ్మా!"

వెనక నుంచి. మిల్లంతా మారుమోగింది. బియ్యం చెరుగుతున్న ఈరమ్మ చాట గాలిలోనే ఆగింది. కాంటా మీది ముసలివాళ్లు బిగుసుకుపోయారు. ఒకామె కళ్లు మూసుకున్నది. తిరగవద్దని ఒళ్లంతా చెప్పింది.

తిరిగి చూశాను.

ఇంజన్ షెడ్డు తలుపు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉన్నది. చెయ్యెత్తి నా గొడుగు పట్టుకున్నది.

"మర్చిపోయినవ్ రా!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.